ఫోర్ వీల్ డ్రైవ్ బండికి గేర్‌బాక్స్ దించి క్లచ్ మార్చడం: రాయగడ, కొరాపుట్ వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానిక్‌ని కాదు. రాయగడలో మాకు టెంట్ హౌస్ ఉంది. కొండ ఊళ్లలో పెళ్లిళ్లకి సామాను మోయడానికి ఒక పాత మహీంద్రా ఎంఎం 540 జీపు, ఆ తర్వాత కొన్న థార్ ఉన్నాయి (థార్ అంటే 2010లో వచ్చిన పాత మోడల్ లెండి, 2020 నాటి కొత్తది కాదు). ఈ రెండింటికీ కలిపి ఇప్పటికి ఐదుసార్లు గేర్‌బాక్స్ దించాం, నేనూ మా బావా. అందులో రెండుసార్లు దించింది కేవలం మా తెలివితక్కువతనం వల్లే. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి గుణుపూర్ నుంచీ పొట్టంగి నుంచీ ఫోన్లు చేసి అడుగుతున్నారు కాబట్టి, అడిగినవన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

క్లచ్ పోయిందని ఖాయంగా ఎలా తెలుస్తుంది? గేర్‌బాక్స్ దించాక బాగానే ఉందంటే ఏం లాభం?

సుంకి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజను గోల పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. కాసేపటికి కాలిన వాసన వస్తుంది. దాన్ని స్లిప్ అంటారు, క్లచ్ ప్లేట్ (ఇంజను బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే గుండ్రటి పళ్లెం) అరిగిపోయిందన్నమాట, లేదా దాని మీద ఆయిల్ పడిందన్నమాట. చదునైన చోట కూడా చూసుకోవచ్చు. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, బ్రేక్ కూడా తొక్కి, మూడో గేరులో పెట్టి, కొంచెం రేస్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే ప్లేట్ ఇంకా పట్టు ఇస్తోంది. ఆగకుండా అలాగే తిరుగుతుంటే పని అయిపోయింది. ఇది ఒక్కసారి చేస్తే చాలు, సరదాకి నాలుగుసార్లు చేస్తే ఉన్న ప్లేట్ కూడా పోతుంది.

గేరు పడేటప్పుడు కరకరలాడుతుంటే మాత్రం వెంటనే గేర్‌బాక్స్ మీద పడకండి. ముందు క్లచ్ ఆయిల్ డబ్బా చూడండి, తగ్గిందా లేదా. పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ కారుతున్నాయేమో చూడండి. జిప్సీ లాంటి కేబుల్ బండి అయితే కేబుల్ సాగిందేమో చూడండి. ఇవన్నీ బయటి నుంచి అయ్యే పనులు.

శబ్దం వస్తోందంటే చెవి పెట్టి వినండి. న్యూట్రల్‌లో పెడల్ తొక్కితే శబ్దం మొదలైతే అది ఎక్కువగా రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడిపించేది). పెడల్ వదిలినప్పుడు శబ్దం ఉండి, తొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి బలాన్ని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) బేరింగ్. క్లచ్ కిట్టు కొన్నా ఆ రెండో శబ్దం పోదు, గేర్‌బాక్సే విప్పాలి. ఈ తేడా తెలియక మా ఊళ్లో ఒకాయన క్లచ్ రెండుసార్లు మార్పించుకున్నాడు.

వానాకాలం మూడు నెలలు బండి నిలబెట్టాం. ఇప్పుడు క్లచ్ తొక్కినా గేరు పడట్లేదు. దించాలా?

వద్దు, ఆగండి. తేమకి ఫ్లైవీల్ (ఇంజను వెనక తిరిగే బరువైన ఇనుప చక్రం) తుప్పు పట్టి ప్లేట్ దానికి అతుక్కుపోయి ఉంటుంది. మా వైపు వాగులు దాటే బండ్లకి ఇది మామూలే. మైదానం లాంటి ఖాళీ చోటికి బండిని నెట్టుకెళ్లి, ఇంజను స్టార్ట్ చేసి బాగా వేడెక్కనిచ్చి ఆపండి. రెండో గేరులో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుని స్టార్ట్ కొడితే బండి ఎగురుకుంటూ కదులుతుంది. అలా క్లచ్ తొక్కే ఉంచి, ఆక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ నడిపితే ఒక దగ్గర టప్ మని ఊడుతుంది. ముందు మనిషి గానీ గోడ గానీ లేకుండా చూసుకోండి, అంతే. ఊడకపోతే అప్పుడు దించడం గురించి ఆలోచిద్దాం.

మామూలు బండికీ ఫోర్ వీల్ డ్రైవ్ బండికీ ఈ పనిలో తేడా ఏంటి?

బరువు, షాఫ్టులు. ఎంఎం 540, థార్ లాంటి వాటిలో గేర్‌బాక్స్ వెనకాలే ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) బిగించి ఉంటుంది. రెండూ కలిసి ఒకే ముద్ద. ముందు చక్రాలకి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక చక్రాలకి ఇంకొకటి, గేర్ రాడ్ కాక ట్రాన్స్‌ఫర్ రాడ్ కూడా. ఈ ముద్ద 50 కిలోల బియ్యం బస్తా కన్నా బరువు, పైగా బస్తాలాగా భుజానికి ఒదగదు. వెనక భాగం బరువెక్కువ కాబట్టి జాకీ మీద పెట్టగానే వెనక్కి ఒరుగుతుంది. మామూలు కారు గేర్‌బాక్స్‌ని ఛాతీ మీద పెట్టుకుని దించానని చెప్పుకునే కుర్రాళ్లు ఉన్నారు. దీనితో ఆ పని చేయకండి.

జిప్సీ వాళ్లు అదృష్టవంతులు. దానిలో ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా ఉంటుంది, మధ్యలో చిన్న షాఫ్టు ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని కదపకుండా గేర్‌బాక్స్ ఒక్కటే దించుకోవచ్చు.

పాత జీపుల వాళ్లకి ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. కొన్ని పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకాల ఉంటుంది. వెనక షాఫ్టు విప్పారంటే హ్యాండ్ బ్రేక్ లేనట్టే. ఏ బండి అయినా షాఫ్టులు విప్పాక గేరులో పెట్టి ఉంచినా చక్రాలు ఆగవు. కాబట్టి మొదటి బోల్టు ముట్టుకునే ముందే నాలుగు చక్రాలకీ ముందూ వెనకా రాళ్లో చెక్కలో పెట్టండి. మా వీధి ఏటవాలుగా ఉంటుంది, అందుకే ఈ పనికి మేం ఎప్పుడూ మా చిన్నాన్న వాళ్ల కళ్లంలోకి పోతాం.

ఇంట్లో చేసుకోవచ్చా, మిస్త్రీకి ఇచ్చేయాలా?

బండి కింద నిలబడే స్టాండ్లు నాలుగు, చక్రాలున్న పెద్ద జాకీ ఒకటి, ఇంజనుని ఆపడానికి ఇంకో జాకీ, సాకెట్ సెట్టు, పొడవాటి ఎక్స్‌టెన్షన్లు, టార్క్ రెంచ్, ఇంకో మనిషి ఉంటే చేసుకోవచ్చు. మెకానిక్ షెడ్‌లో గుంత, చెయిన్ పుల్లీ ఉంటాయి కాబట్టి వాళ్లు ఒక్క రోజులో చేస్తారు. మాకు మొదటిసారి మూడు రోజులు పట్టింది, ఇప్పుడు రెండు రోజులు. బండిని ఒట్టి జాకీ మీదో, పేర్చిన ఇటుకల మీదో పెట్టి కింద దూరే ఆలోచన ఉంటే దయచేసి మిస్త్రీకే ఇచ్చేయండి.

మిస్త్రీకి ఇచ్చినా సరే, గేర్‌బాక్స్ దించిన గంటలో మీరు అక్కడ ఉండండి. పాత ప్లేట్ మీ కళ్లతో చూడండి. అసలు విషయం అంతా అక్కడే ఉంటుంది, కింద చెప్తాను.

సామాను ఎక్కడ కొనాలి? ఏమేమి కొనాలి?

రాయగడలో, కొరాపుట్ జిల్లా జైపూర్‌లో మామూలు కిట్లు దొరుకుతాయి. దొరకని వాటికి మేం సాలూరు పోతాం. లారీల ఊరు కదా, అక్కడ షాపువాడు బండి పేరు చెప్పేలోపే నంబరు అడుగుతాడు. అక్కడా లేకపోతే విజయనగరం. పాత ప్లేట్ బయటికి తీశాక దాన్ని చేత్తో పట్టుకెళ్లడమే మంచిది, పళ్ల లెక్క, ప్లేట్ వెడల్పు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. పాత జీపులకి వాళ్లూ వీళ్లూ ఇంజన్లు మార్చేసి ఉంటారు కాబట్టి ఆర్సీ బుక్కులో ఉన్న మోడల్ పేరు చెప్తే సామాను తప్పు రావచ్చు.

మా వైపు షెడ్డుల్లో మిస్త్రీ కుర్రాడిని ఒడియాలో తిట్టి మనతో తెలుగులో బేరమాడతాడు, షాపువాడు హిందీలో లెక్క చెప్తాడు, కానీ ప్రెషర్ ప్లేట్ మాత్రం అందరికీ ప్రెషర్ ప్లేటే. ఆ ఒక్కదానికి ఇబ్బంది లేదు.

కొనాల్సినవి: క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి నొక్కి పట్టేది), రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ (ఇన్‌పుట్ షాఫ్టు కొసని ఇంజను వైపు పట్టేది, కొన్నిటిలో బుష్ ఉంటుంది), ఇంజను వెనక ఉండే క్రాంక్ ఆయిల్ సీలు, గేర్‌బాక్స్ ముందు సీలు, గేర్ ఆయిల్, క్లచ్‌కి పోసే బ్రేక్ ఆయిల్. ఆయిల్ గ్రేడు కోసం బండి పుస్తకం చూడండి. చాలా గేర్‌బాక్సులకి 80డబ్ల్యూ90 నడుస్తుంది గానీ ట్రాన్స్‌ఫర్ కేసులో వేరే ఆయిల్ అడిగే బండ్లు ఉన్నాయి, రెండింట్లో ఒకటే పోసేయకండి.

ప్లేట్ ఒక్కటి మారిస్తే సరిపోదా? మిగతావి బాగానే ఉన్నాయి కదా?

ఈ ప్రశ్న నేనే మా బావని అడిగాను, మొదటిసారి. ప్రెషర్ ప్లేట్ మెరుస్తోంది, బేరింగ్ తిప్పితే బాగానే తిరుగుతోంది, ఎందుకు దండగ ఖర్చు అని ప్లేట్ ఒక్కటి వేశాం. నలభై రోజులు కూడా కాలేదు, బిస్సంకటక్ దగ్గర పెళ్లి సామానుతో బండి ఎక్కలేక ఆగిపోయింది. కుర్చీలన్నీ ట్రాక్టర్‌లోకి మార్చి, మళ్లీ ఇంటికొచ్చి, మళ్లీ దించి చూస్తే కొత్త ప్లేట్ మీద నల్లటి ఆయిల్. క్రాంక్ వెనక సీలు కారుతోంది. అంతకుముందు పాడైన ప్లేట్ కూడా నిజానికి అరిగి పోలేదు, ఆయిల్ తాగి పోయింది. దాన్ని చూసి కూడా మాకు అర్థం కాలేదు.

ఆ సీలుకి అయ్యే ఖర్చు మేం ఆ రోజు తాగిన టీలంత. దాని దగ్గరికి చేరడానికి పట్టే రెండు రోజుల పని, అదీ అసలు ఖరీదు. గేర్‌బాక్స్ ఒకసారి దిగిందంటే లోపల రబ్బరుదైనా, తిరిగేదైనా, అరిగేదైనా అన్నీ మార్చేయండి. బాగానే ఉంది కదా అనిపించినా మార్చేయండి.

పాత ప్లేట్ చూసి ఏం తెలుసుకోవాలి?

రివెట్ల తలల దాకా సమంగా అరిగి ఉంటే అది న్యాయంగా పనిచేసి పోయిన ప్లేట్. నల్లగా తడిగా ఉంటే ఆయిల్. వేలితో రాసి వాసన చూడండి. గేర్ ఆయిల్ అయితే చిక్కగా ఉండి గంధకం కంపు కొడుతుంది, అంటే గేర్‌బాక్స్ ముందు సీలు. పల్చగా, మసిలా నల్లగా ఉంటే ఇంజను ఆయిల్, అంటే క్రాంక్ సీలు. రెండూ అయితే రెండూ.

ఇంకా కొంచెం మందం ఉండగానే గాజులా నున్నగా మెరుస్తూ, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు ఉంటే అది వేడి. అంటే నడిపిన మనిషి పని. ఈ మాట డ్రైవరుకి చెప్తే గొడవ అవుతుంది, కానీ మచ్చలు అబద్ధం చెప్పవు. బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గంట ఆకారపు భాగం) లోపల ఎండిన బురద ఉంటే వాగులో బండి లోతుగా దిగిందన్నమాట. అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోయి ఉంటే పుల్లతో పొడవండి.

ఒక జాగ్రత్త. ఆ దుమ్ముని కంప్రెసర్‌తో ఊదకండి. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. మా షెడ్డుల్లో ఎవరూ పాటించరు, మీరైనా పాటించండి.

దించే వరుస ఏంటి?

బండిని బట్టి కొంచెం మారుతుంది. మేం చేసేది చెప్తాను.

మొదట బ్యాటరీ నెగెటివ్ తీసేస్తాం, ఎందుకంటే స్టార్టర్ మోటారు విప్పాలి, దాని వైరులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, పానా బాడీకి తగిలితే మంటలే. తర్వాత లోపలి మ్యాట్ ఎత్తి, గేర్ రాడ్లు, పాత జీపు అయితే వాటి చుట్టూ ఉన్న రేకు మూత విప్పేస్తాం. ఆ మూత తీస్తే పై బోల్టులు లోపలి నుంచే అందుతాయి, కింద పడుకుని గుడ్డిగా వెతుక్కునే బాధ తప్పుతుంది. అప్పుడు కిందికి దిగి గేర్ ఆయిల్ తీసేస్తాం. డ్రెయిన్ ప్లగ్గుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదలా పొడి ఉండటం మామూలే, ముక్కలు ఉంటే గేర్‌బాక్స్ గురించి కూడా టెన్షన్ పడాల్సిందే.

షాఫ్టులు విప్పేముందు ఫ్లాంజ్ (షాఫ్టు బిగించే బిళ్ల) మీద, షాఫ్టు మీద కలిపి ఒక గీత గీయండి, తెల్ల పెయింటుతో గానీ ఉలితో గానీ. గీత కలవకుండా బిగిస్తే తర్వాత వేగంలో వణుకు వస్తుంది. క్రాస్ జాయింట్ కప్పులు ఊడి పడకుండా టేపు చుట్టండి. స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైటు వైరు, ఫోర్ వీల్ స్విచ్ వైరు ఒక్కొక్కటీ తీసి పక్కకి కట్టేయండి. ఫోనుతో ఫోటోలు తీసుకోండి, చేతులు నల్లగా కాకముందే.

స్లేవ్ సిలిండర్‌ని పైపు విప్పకుండానే రెండు బోల్టులు తీసి తీగతో ఛాసిస్‌కి వేలాడదీయవచ్చు. అది వేలాడుతుండగా ఎవరైనా పెడల్ తొక్కితే పిస్టన్ ఊడి బయటికి వస్తుంది. మా మేనల్లుడు సీట్లో కూర్చుని డ్రైవింగ్ ఆట ఆడుతుంటే అదే జరిగింది. అప్పటినుంచి పెడల్ కింద చెక్క ముక్క ఇరికిస్తున్నాం.

ఇప్పుడు అసలు బరువు. క్రాస్ మెంబర్ (గేర్‌బాక్స్‌ని కింద నుంచి మోసే అడ్డ దూలం) తీస్తే గేర్‌బాక్స్‌తో పాటు ఇంజను వెనక భాగం కూడా కిందికి వాలుతుంది, ఫ్యాను రేడియేటర్‌కి గుద్దుకోవచ్చు. అందుకని ఆయిల్ చాంబర్ కింద వెడల్పాటి చెక్క పెట్టి ఒక జాకీతో ఇంజనుని ఆపాలి. చెక్క లేకుండా జాకీ పెడితే చాంబర్ నొక్కుకుపోతుంది. రెండో జాకీ గేర్‌బాక్స్ కింద. దాన్ని జాకీకి తాడుతోనో బెల్టుతోనో కట్టేయండి. అప్పుడు క్రాస్ మెంబర్, తర్వాత బెల్ హౌసింగ్ బోల్టులు, చివరికి రెండు బోల్టులు మిగిల్చి చుట్టూ ఒకసారి చూసుకోండి, ఏ వైరైనా మర్చిపోయామా అని. ఆ రెండూ తీసి నేరుగా వెనక్కి లాగాలి. ఇన్‌పుట్ షాఫ్టు పూర్తిగా బయటికి వచ్చేదాకా కిందికి వంచకూడదు.

బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద బెల్ హౌసింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడ గుచ్చి పెట్టండి. టిఫిన్ డబ్బాలో పోసి పెడితే చివర్లో జాతకాలు చూసినట్టు చూసుకోవాలి.

పైలట్ బుష్ రావట్లేదు, పుల్లర్ లేదు. ఏం చేయాలి?

బుష్ రంధ్రం నిండా గ్రీజు కూరండి. ఆ రంధ్రానికి సరిగ్గా పట్టే ఇనుప రాడ్డు, పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్క ఉంటే ఇంకా మంచిది, పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజుకి పోయే దారి లేక బుష్‌ని వెనక నుంచి తోస్తుంది. కొట్టే కొద్దీ గ్రీజు కూరుతూ ఉంటే అదే నడుచుకుంటూ బయటికి వస్తుంది. రాడ్డు వదులుగా ఉంటే గ్రీజంతా మొహం మీదికి వస్తుంది, కాబట్టి నోరు మూసుకుని కొట్టండి.

ఫ్లైవీల్ లేత్ మీద పెట్టాలా?

గోరుతో గీస్తే తగిలేంత గాడి ఉన్నా, సన్నని పగుళ్లు ఉన్నా, నీలం మచ్చలు దట్టంగా ఉన్నా లేత్ షాపుకి తీసుకెళ్లి సన్నగా మొహం తీయించాలి. పగులు లోతుగా ఉంటే మార్చేయడమే. కొన్ని బండ్లకి డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది, లోపల స్ప్రింగులతో రెండు ముక్కలుగా, దాన్ని లేత్ మీద పెట్టకండి. ఏమీ లేకపోతే ఎమరీ పేపరుతో అడ్డదిడ్డంగా రుద్ది, పెట్రోలుతో కాకుండా బ్రేక్ క్లీనర్‌తో తుడిచేయండి. తర్వాత గ్రీజు వేలు పెట్టకండి.

కొత్త ప్లేట్ ఎటు తిప్పి పెట్టాలి? మధ్యలోకి ఎలా తేవాలి?

ప్లేట్ మీద ఎక్కడో ఫ్లైవీల్ వైపు అని అచ్చు వేసి ఉంటుంది, వెతకండి. లేకపోతే స్ప్రింగుల భాగం ఉబ్బెత్తుగా ఉన్న వైపు సాధారణంగా గేర్‌బాక్స్ వైపుకి వస్తుంది. ఎందుకైనా మంచిది, ప్రెషర్ ప్లేట్ లేకుండా ఉత్త ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి ఆనించి చూడండి, తిరగేసి పెడితే దాని హబ్బు (మధ్య భాగం) ఫ్లైవీల్ బోల్టులకి తగులుతుంది.

మధ్యలోకి తేవడానికి పాత ఇన్‌పుట్ షాఫ్టు ఒకటి షెడ్డులో అడిగి తెచ్చుకుంటే అంతకన్నా మంచి పనిముట్టు లేదు. దొరక్కపోతే ఒక గుండ్రటి కర్రకి పైలట్ బుష్‌లో పట్టేంత ఒకచోట, ప్లేట్ హబ్బులో పట్టేంత ఇంకోచోట టేపు చుట్టి మేం వాడాం, పనిచేసింది. ప్రెషర్ ప్లేట్ బోల్టుల్ని ఒకటి ఎదురు ఒకటి, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోతే కవరు వంకరపోతుంది, తర్వాత బండి కదిలేటప్పుడు గజగజ వణుకుతుంది. ఎంత టార్క్ అనేది మీ బండి సర్వీస్ పుస్తకంలో చూడాల్సిందే, నేను చెప్పే అంకె మీ బండికి నప్పదు. షాఫ్టు పళ్ల మీద గ్రీజు పూత పూసీ పూయనట్టు ఉండాలి. ఎక్కువైతే తిరిగేటప్పుడు ఎగిరి ప్లేట్ మీదే పడుతుంది.

గేర్‌బాక్స్ మళ్లీ ఎక్కడం లేదు! ఒక అంగుళం దగ్గర ఆగిపోతోంది.

అందరికీ ఆగేది అక్కడే. అందరూ చేసే తప్పు కూడా అక్కడే: పొడవు బోల్టులు పెట్టి బిగిస్తే లాక్కుని వస్తుందిలే అనుకోవడం. రాదు. బెల్ హౌసింగ్ చెవి విరుగుతుంది, లేకపోతే ప్లేట్ హబ్బు వంగుతుంది. గేర్‌బాక్స్ బరువు ఆ షాఫ్టు మీద వేలాడుతూ వదిలేసి భోజనానికి పోయినా అదే జరుగుతుంది.

చేయాల్సింది ఇది. ముందు ఇంజనుకీ బెల్ హౌసింగ్‌కీ మధ్య సందు చుట్టూ సమానంగా ఉందా చూడండి, పైన ఎక్కువ కింద తక్కువ ఉంటే జాకీ సర్దండి. తర్వాత గేర్‌బాక్స్‌ని టాప్ గేరులో పెట్టి, ట్రాన్స్‌ఫర్ కేస్‌ని టూ హైలో (వెనక చక్రాలు మాత్రమే తిరిగే మామూలు స్థానం) పెట్టి, వెనక ఫ్లాంజ్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ ముందుకి నెట్టండి. పళ్లు కలవగానే గుప్ అని వెళ్లి కూర్చుంటుంది. ఇక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ వాళ్లు మర్చిపోయే సంగతి: ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే ఫ్లాంజ్ ఎంత తిప్పినా ఇన్‌పుట్ షాఫ్టు తిరగదు. మేం గంటన్నర తిప్పాం. మా బావ చివరికి పైకెక్కి రాడ్డు చూసి ఏమీ మాట్లాడకుండా ఒక బీడీ వెలిగించాడు.

ఇంకో ఉపాయం. అదే మరలున్న రెండు పొడవాటి బోల్టుల తలలు కోసేసి, చివర స్క్రూడ్రైవర్ పట్టే గాడి తీసి, ఇంజను వైపు పై రంధ్రాల్లో బిగించండి. గేర్‌బాక్స్ వాటి మీద పట్టాల మీద రైలులా జారుతుంది. కూర్చున్నాక వాటిని విప్పి అసలు బోల్టులు వేసుకోవచ్చు. ఇంజనుకీ హౌసింగ్‌కీ మధ్య ఉండి రెండింటినీ సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు చోట్లో ఉన్నాయా లేదా ముందే చూసుకోండి.

అంతా అయ్యాక స్టార్టర్ టక్ మని ఆగిపోతోంది. బ్యాటరీ బాగానే ఉంది.

ఇంజను నుంచి ఛాసిస్‌కి పోయే ఎర్త్ పట్టీ మర్చిపోయారు. మేమూ మర్చిపోయాం. స్టార్టర్‌కి కావాల్సిన కరెంటు పోవడానికి సరైన దారి లేక ఏదో ఒక కేబుల్ గుండా పోతుంది, మాకు ఒక కేబుల్ తొడుగు కాలిన వాసన వచ్చాక తెలిసింది. మళ్లీ మళ్లీ స్టార్ట్ కొట్టకుండా ముందు పట్టీ వెతకండి.

ఘాట్ మధ్యలో క్లచ్ జారిపోతే ఇంటికి ఎలా రావాలి?

బండి పక్కకి తీసి, చక్రాలకి రాళ్లు పెట్టి, ముప్పావు గంట చల్లారనివ్వండి. సామాను దించగలిగితే దించేయండి. తర్వాత మొదటి గేరులో, మెల్లగా, క్లచ్ పూర్తిగా వదిలేసి, ఆక్సిలరేటర్ తక్కువతో ఎక్కండి. మట్టి రోడ్డు అయితే ఫోర్ లో (నాలుగు చక్రాలూ తిరుగుతూ వేగం తగ్గి బలం పెరిగే స్థానం) వేయండి. లో గేరులో క్లచ్ మీద పడే భారం తగ్గుతుంది కాబట్టి జారే ప్లేట్ కూడా చాలాసార్లు పట్టుకుంటుంది. తారు రోడ్డు మీద ఫోర్ లోలో మలుపులు తిరిగితే ముందూ వెనకా ఇరుసులు ఒకదాన్నొకటి లాక్కుని బిగుసుకుపోతాయి, అది వద్దు. ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పే రకం పాత జీపు అయితే హబ్బులు ఫ్రీలో పెట్టి ఫోర్ లో వేయండి, అప్పుడు ముందు చక్రాలకి పని ఉండదు, తారు మీద కూడా నడుస్తుంది. బలమంతా వెనక ఇరుసు మీదే పడుతుంది కాబట్టి గట్టిగా తొక్కకండి.

క్లచ్ ఆయిల్ కారిపోయి పెడల్ నేలకి అంటుకుపోతే వేరే దారి. ఇంజను ఆపి, మొదటి గేరులో పెట్టి, అలాగే స్టార్టర్ కొడితే బండి కుదుపుతో కదిలి స్టార్ట్ అవుతుంది. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే కొత్త బండ్లలో ఇది కుదరదు. ఎదురుగా ఖాళీ ఉంటేనే చేయండి.

మళ్లీ ఇంత తొందరగా పోకూడదంటే?

మొదటి 500 కిలోమీటర్లు బరువు లాగకుండా, మెల్లగా నడపండి. ఘాట్‌లో ట్రాఫిక్ ఆగితే హాఫ్ క్లచ్‌లో బండిని నిలబెట్టకండి, హ్యాండ్ బ్రేక్ అందుకే ఉంది. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు రిలీజ్ బేరింగ్‌ని తినేస్తుంది.

ఇంకొకటి, నాకు ఎప్పుడూ అర్థం కానిది. ఫోర్ వీల్ డ్రైవ్ కోసం డబ్బు పోసి కొంటారు, ట్రాన్స్‌ఫర్ రాడ్డుకి మాత్రం మజ్జిగౌరమ్మ గుడిలో కట్టిన ఎర్రదారం అలాగే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. కాశీపూర్ వైపు బురద ఎత్తులో టూ వీల్‌లో, సెకండ్ గేరులో, క్లచ్ కాలుస్తూ ఎక్కించడం మగతనం అనుకునేవాళ్లు ఎక్కువ. ఎత్తు మొదలవకముందే బండి ఆపి ఫోర్ లో వేసుకుంటే క్లచ్ మొత్తం వదిలేసి నడిచే మనిషి వేగంతో అదే ఎక్కుతుంది. మా థార్‌లో ఇప్పుడున్న ప్లేట్ నాలుగో వానాకాలం చూస్తోంది.

అంతా బిగించాక ఒక బోల్టు మిగిలింది. పర్లేదా?

అట్టముక్క చూడండి. ఏ రంధ్రం దగ్గర బోల్టు ఇంకా గుచ్చి ఉందో అదే దాని చోటు. అట్ట వాడలేదంటే స్టార్టర్ మోటారు పై బోల్టు ఉందేమో తడిమి చూడండి, వెలుతురు పడదు కాబట్టి ఎక్కువమంది అదే మర్చిపోతారు. తర్వాత క్రాస్ మెంబర్, ఆ తర్వాత ఫ్లాంజ్ బోల్టులు ఒక్కొక్కటీ. అవన్నీ ఉంటే, కిందికి దిగారు కాబట్టి గేర్‌బాక్స్ ఫిల్లర్ ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ పోయడం మర్చిపోయి బండి బయటికి తీసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.